గురువారం ఉల్లిసూపు

కోనాడ దగ్గర ఆ పాలెంలో తాటాకిళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అందరికీ తెలిసిపోతుంది. పొద్దున్న పదయ్యేసరికి ఒక ఇంటి చేపల పులుసు, ఇంకో ఇంటి ఎండురొయ్యల వేపుడు, వేరే ఇంటి గంజి, అన్ని వాసనలూ కలిసిపోయి సందులో నిలబడిపోతాయి. గున్నమ్మ కూడా ఆ వేళకే పొయ్యి ముట్టించేది. కానీ ఆమె ఇంటిముందు నడిచేవాళ్ళకి ఏ వాసనా తగిలేది కాదు.

ఆమె ఎవర్ని మనసులో పెట్టుకుని వండుతుందో, వాసన వాళ్ళ దగ్గరికే పోయేది. వాళ్ళు పక్కగదిలో ఉన్నా సరే, సముద్రం మీద ఉన్నా సరే. వండే గున్నమ్మక్కూడా వచ్చేది కాదు. రంగు చూసి, చప్పుడు విని, నాలిక్కి రాసుకుని వండుకునేది.

కాపరానికొచ్చిన వారానికే అత్త జగ్గమ్మ ఈ సంగతి కనిపెట్టింది. ఒడ్డున చేపలు ఏరుతున్నదల్లా తలెత్తి, "మా కోడలు చింతకాయ పచ్చడి నూరతన్నాది" అంది. ఇంటికొచ్చి చూస్తే నూరుతూనే ఉంది. పాలెం వాళ్ళకి అది పనికొచ్చే విద్య అయింది. మంచు కమ్మి తెప్పలు దారి తప్పిన రోజున ఆడవాళ్ళు గిన్నెలో చేపముక్కలు తెచ్చి, "గున్నమ్మా, మీ అన్నకోసం బేగి ఉడికించే" అనేవారు. గంట తిరక్కుండా తెప్పలు ఒడ్డు దారి పట్టేవి.

ఒక్కసారి మాత్రం వాసన వెనక్కొచ్చింది. ముసలి దానమ్మ కొడుకు బర్మాలోని రంగం వెళ్ళి నాలుగేళ్ళయినా ఉత్తరం లేదు. వంకాయ, పచ్చిరొయ్యలు తెచ్చి గున్నమ్మ చేత కొడుకు కోసం వండించింది. కూర ఉడుకుతూండగా అరుగు మీదున్న దానమ్మ, "వాసన నాకొస్తన్నాదేటే?" అంది. కాసేపటికి లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా సముద్రంలో తలారా మునిగొచ్చింది. మనిషి లేకపోతే వాసనకి పోయే చోటుండదు, కన్నతల్లి దగ్గరికి తిరిగొస్తుంది. కులపెద్ద దాలయ్య ఆ మాట మీదే దినం చేయించాడు. ఆర్నెల్లకి రంగం నించి వచ్చిన మనిషి కూడా అదే చెప్పాడు.

గున్నమ్మ మొగుడు జోగయ్య ఓడలో భండారీ, అంటే వంటవాడు. విశాఖపట్నం రేవులో మాంగనీసు ఎక్కించుకుని పోయే ఓడల్లో పని. పెళ్ళయిన పదేళ్ళలో అతను ఇంట్లో ఉన్నది అన్నీ కలిపి ఏడాది ఉంటుందేమో. పిల్లల్లేరు.

ఆఖరుసారి అతను వచ్చింది అరవై ఐదు వేసవిలో. వచ్చిన మూడోనాడు నాలుగు వీశెల ఉల్లిపాయలు, మేక ఎముకలు, విజయనగరం కంటోన్మెంటు బేకరీ నించి రొట్టె తెచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు.

"మార్సేలని ఫ్రెంచోళ్ళ రేవులే. రేవెనకాల సిన్న హోటలుంది. ఆ హోటలామె నేర్పింది. కూకో, నీకూ నేర్పుతాను" అన్నాడు.

ఎముకలు ఒక కుండలో మరుగుతున్నాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. కళ్ళు మండి ఇద్దరికీ నీళ్ళు కారుతుంటే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. మూకుట్లో వెన్న వేసి, ఆ కొండంత ఉల్లి అందులో పోశాడు.

"దీనికి తొందర పనికిరాదు. మంట పెరిగితే మాడిపోతాది. తగ్గితే ఉడికి ముద్దయిపోతాది. గరిట వదలకూడదు. ఒట్టి ఉల్లిపాయే, సూస్తూండు ఏటవుతాదో."

తెల్లటి ఉల్లి మెత్తబడింది. పసుపుపచ్చనయింది. తేనె రంగుకొచ్చింది. గంటన్నర అయ్యేసరికి కొండంతా దోసెడుకి దిగిపోయి, తాటిబెల్లం రంగు తేలింది. అప్పుడు చిటికెడు పిండి జల్లి, "అక్కడ ద్రాక్షసారా పోస్తారు" అని ఇక్కడి తాటికల్లు పోశాడు. ఎముకల నీళ్ళు వడకట్టి పోసి, మిరియాలు వేశాడు. ముంతల్లో సూపు వంచి, పైన కాల్చిన రొట్టెముక్క పెట్టి, దానిమీద ఓడ నించి తెచ్చిన డబ్బాలోని చీజు తురిమి, మూత పెట్టి మూతమీద నిప్పులు పోశాడు. మూత తీసేసరికి చీజు కరిగి, బుడగలొచ్చి, అంచుల్లో కాలింది.

వండింది జోగయ్య కాబట్టి ఆ వాసన సందంతా నిండింది. పిల్లలు గుమిగూడారు. తన పొయ్యి మీది వంట వాసన గున్నమ్మకి తెలియడం అదే మొదలు. ముంత రెండు చేతుల్తో పట్టుకుని, తినకుండా మొహం ఆవిరిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. జగ్గమ్మ మాత్రం రెండు గుక్కలు తాగి, "ఉల్లిపాయల పాయసంరా ఇది" అంది, మూడో గుక్క తాగుతూ.

"ఆమె పేరేటి? నీకు నేర్పినామె" అని అడిగింది గున్నమ్మ.

"పేరు తెలీదు. మదామంటారు" అన్నాడు జోగయ్య, ముంత అడుగుకేసి చూస్తూ.

వెళ్ళేటప్పుడు తెరవని చీజు డబ్బా ఒకటి ఉట్టిమీద పెట్టి వెళ్ళాడు. నాలుగు ఉత్తరాలొచ్చాయి. తర్వాత ఆగిపోయాయి.

ఉత్తరాలు ఆగిన ఆరో నెలలో గున్నమ్మ సూపు వండడం మొదలుపెట్టింది. బుధవారం నెల్లిమర్లలో మిల్లు పనివాళ్ళకి ఎండుచేపలు అమ్ముకుని, విజయనగరం వెళ్ళి రొట్టే ఎముకలూ తెచ్చేది. గురువారం పొద్దున్న వండేది. పిలిచినట్టుంటుంది, వాసన తగిలితే బయల్దేరి వస్తాడని.

జగ్గమ్మ గడపలో కూర్చునేది. కోడలు గరిట తిప్పుతూ, "వస్తందా అత్తా?" అని అడిగేది.

"రాట్లేదే."

"అయితే పోయింది ఆయన దగ్గరికి."

ఇద్దరూ నవ్వుకునేవారు. తర్వాత ఆ వాసనలేని సూపు ఇద్దరూ తాగేవారు. నోట్లో వెచ్చగా, ఉప్పగా ఉండేది, అంతే.

అరవై ఏడు వర్షాకాలంలో గంగులొచ్చాడు. భీమిలి వాడు, జోగయ్యతో ఒకే ఓడలో చేసినవాడు. సూయజు కాలువ మూసేశారనీ, ఓడలు ఆఫ్రికా అంతా చుట్టి రావలసి వస్తోందనీ చెప్పాడు. జోగయ్య వూసు మాత్రం ఎత్తలేదు. జగ్గమ్మే అడిగింది.

"ఆడు మార్సేల్లో ఓడ దిగిపోయినాడు పెద్దమ్మా. జొరమొస్తే ఆస్పత్రిలో సేర్చినారు. తగ్గినాక ఓడకి రాలేదు. రేవెనకాల హోటల్లో ఉన్నాడు. నేనెళ్ళి పిలిచేను. రానన్నాడు."

"ఒంట్లో బాగున్నాదా?"

"బాగున్నాది. ఒళ్ళు సేసినాడు. ఆ హోటలామె... ఆమెతోనే ఉంటన్నాడు."

గున్నమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి, "మా వూసు ఏటైనా అడిగేడా?" అంది.

గంగులు చెంబు కింద పెట్టాడు. "గురువారం గురువారం సూపు వాసన వస్తాదన్నాడు. వీధంతా అదే సూపు కాస్తారు గానీ, ఇది నీ సేతిదని తెలిసిపోతాదంట. ఆ పూట తలుపులూ కిటికీలూ మూసీసి కూకుంటాడు."

ఆ వారం గున్నమ్మ నెల్లిమర్ల నించి తిన్నగా ఇంటికొచ్చేసింది. గురువారం పొయ్యి మీద గంజి పెట్టింది. జగ్గమ్మ గడపలో కూర్చుని చాలాసేపు చూసింది.

"సూపు పెట్టవేటే?"

"ఎవరికి అత్తా? తలుపులేసుకున్నోడికా?"

"నీకు మొగుడు కాకపోతే పోనీ. నాకు కొడుకు. ఆడు బతికున్నాడని నాకు తెలిసే దారి అదొక్కటే." జగ్గమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నీ కాళ్ళట్టుకుంటాను."

అలా మళ్ళీ మొదలైంది. గురువారం గురువారం వాసన రాకపోవడం చూసి జగ్గమ్మ ఊపిరి పీల్చుకునేది. అదే చూసి గున్నమ్మ గుండె కోసుకుపోయేది. అతను బతికే ఉన్నాడు. వాసన అందుతూనే ఉంది. తలుపులు మూసుకున్నాడు. ప్రతివారం ఆమె తన చేత్తో ఉల్లిపాయలు తరిగి, గరిట తిప్పి, ఆ మాట మళ్ళీ కొత్తగా వినేది. ఒకే గడపలో ఇద్దరాడవాళ్ళు, ఒకరికి ఊరట, ఒకరికి కోత.

ఆ మాఘంలో సూరయ్య పాలేనికి వచ్చాడు. బారువ వాడు, పడవలు బాగుచేసే వడ్రంగి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పెళ్ళాం పోయి మూడేళ్ళయింది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒడ్డున పడవ బోర్లించి పలకలు బిగిస్తూ ఉండేవాడు. గున్నమ్మ చేపలు ఎండబెట్టేది ఆ పక్కనే. ఒకనాడు ఆమె తట్ట పట్టీ తెగితే అడక్కుండానే అల్లి ఇచ్చాడు. ఇంకోనాడు, "నీకు నీడ లేదు" అని తన గోనెపట్టా నాలుగు కర్రలమీద కట్టి పోయాడు. అంతకంటే ఏం జరగలేదు.

ఒక మధ్యాహ్నం అతను ఉలి చేత్తోనే పట్టుకుని గున్నమ్మ వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది.

"గున్నమ్మా, కోనెం పులుసులో మామిడికాయ ఏసేవా?"

పొయ్యి మీద ఉన్నది కోనెం చేప పులుసే. మామిడికాయ వేసి ఇంకా నిమిషం కాలేదు.

గడపలో జగ్గమ్మ ఉంది. ఆమెకి ఏ వాసనా రాలేదు. కోడలి మొహం చూసింది, సూరయ్య మొహం చూసింది. లోపలికెళ్ళి ఒక గిన్నె తెచ్చి, "ఇందులో పులుసు పొయ్యి, అన్నానికి పట్టుకెళ్తాడు" అంది. ఆ తర్వాత రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు.

సూరయ్య దాచుకునే రకం కాదు. నెల తిరక్కుండా దాలయ్య దగ్గరికెళ్ళి, గున్నమ్మని మనువాడతానన్నాడు. పెద్దలు సరుగుడు తోపులో కూర్చున్నారు. గున్నమ్మని అడిగితే తలొంచుకుని, "నాకిష్టమే" అంది. వినపడలేదంటే మళ్ళీ చెప్పింది.

దాలయ్య మెత్తని మనిషే గానీ, కులకట్టు దాటడు. "మారుమనువు మనలో ఉన్నదే. కానీ మొగుడు పెద్దల ముందర నిలబడి, విడిచేనని నోటితో సెప్పాల. లేదా ఆడు పోయుండాల. జోగయ్య రాడు, సెప్పడు. బతికున్నాడని గురువారం గురువారం పాలెమంతటికీ తెలుస్తన్నాది. నేనేటి సెయ్యను?"

"ఈమధ్యనేటైనా అయుండొచ్చు గదా" అన్నాడు సూరయ్య.

"అయితే వచ్చే గురువారం మేమొచ్చి కూకుంటాం. జగ్గమ్మకి వాసనొచ్చిందా, ఆడు లేడు, నీ మనువు అవుద్ది. రాలేదా, నువ్వు బారువ ఎల్లిపో. ఈ మాట మళ్ళీ ఎత్తకు."

జగ్గమ్మ ఆ మాటలన్నీ విని, కొంగు దులుపుకుని లేచింది. ఇంటికి నడుస్తూ కోడలితో ఒక్క మాటే అంది. "ఉల్లిపాయలు మంచివి తే."

గురువారం పొద్దున్న దాలయ్యా, ఇంకో ఇద్దరు పెద్దలూ అరుగు మీద కూర్చున్నారు. సూరయ్య సందు మొగలో నిలబడ్డాడు. జగ్గమ్మ గడపలో తన చోటనే కూర్చుంది.

అత్తని తలుచుకుని వండి, వాసన ఆమెకే వచ్చేలా మోసం చేయాలన్న ఆలోచన గున్నమ్మకి రాలేదు. రాకూడదనే పళ్ళు బిగబట్టి, జోగయ్యని మనసులోకి తెచ్చుకుంది. ఉల్లిపాయ తరిగేటప్పుడు నాలిక పంటికింద పెట్టుకునే అలవాటు, కాలిన చేతిమీది మచ్చ, కళ్ళు మండి నవ్విన నవ్వు. అన్నీ తెచ్చుకుని, ఒక్కటీ వదలకుండా అతనికోసమే వండింది. వెన్నలో ఉల్లి మెత్తబడింది, పచ్చబడింది, తేనె రంగుకొచ్చింది. చప్పుడు తగ్గింది. అరుగు మీద పెద్దలు చుట్ట కాల్చకుండా కూర్చున్నారు. ఉల్లి తాటిబెల్లం రంగు తిరిగింది. గున్నమ్మ పిండి జల్లింది, కల్లు పోసింది, ఎముకల నీళ్ళు పోసింది.

అప్పుడు జగ్గమ్మ లేచి లోపలికొచ్చింది. ఉట్టిమీద చెయ్యి పెట్టి, మూడేళ్ళుగా అక్కడే ఉన్న చీజు డబ్బా దించింది.

"ఇదీ ఎయ్యి" అంది.

"ఆయన వచ్చినాక తెరుద్దామని..."

"ఎయ్యే."

కత్తిపీటతో డబ్బా కోసి, చీజు తురిమి రొట్టెమీద వేసి, మూతమీద నిప్పులు పోసింది గున్నమ్మ. జగ్గమ్మ మళ్ళీ గడపలోకి వెళ్ళి కూర్చుంది.

"జగ్గమ్మా," అన్నాడు దాలయ్య, "వచ్చిందా?"

జగ్గమ్మ సముద్రంవేపు చూసింది. మూతమీద నిప్పులు నల్లబడ్డాయి.

"వచ్చింది" అంది.

"సరిగా సూసి సెప్పు. కొడుకు మాట ఇది."

"ఉల్లిపాయ బెల్లం పాకంలాగ. పైన మీగడ కాలినట్టు. వచ్చింది దాలయ్యా, నా కొడుకు వాసన నాకొచ్చీసింది" అంటూ గడప మీంచి ఇసకలోకి ఒరిగిపోయింది. గుండెలు బాదుకుని ఏడ్చింది. పాలెంలో ఆడవాళ్ళందరూ పరుగెత్తుకొచ్చారు. ఆ ఏడుపు చూసినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు. అనుమానించడానికి అందులో అబద్ధమేమీ లేదు.

గున్నమ్మ పొయ్యి ముందు నించి లేవలేకపోయింది. అతని మీద ఎంత కోపముందో అంతా జారిపోయి, ఏడుపు తన్నుకొచ్చింది. స్నానానికి నీళ్ళు తేవడానికి ఆడవాళ్ళు బావికి వెళ్ళినప్పుడు జగ్గమ్మ లోపలికొచ్చి పక్కన చతికిలబడింది.

"ఏడవకే. ఆడు బాగున్నాడు" అంది మెల్లిగా.

గున్నమ్మకి అర్థం కాలేదు.

"నాకేటీ రాలేదే. ఎప్పట్లాగే పోయింది ఆడి దగ్గరికి."

"మరి ఎందుకలగ సెప్పేవు?"

"ఆడు నోటితో సెప్పాలి గదా విడిచేనని. ఆడు సెప్పడు. ఆణ్ణి కన్నది నేను. ఆడు సెయ్యాల్సిన పని నేనే సేసినాను."

"బతికున్నోడికి దినం సేస్తే ఆయుస్సు తగ్గుతాదంటారత్తా."

"నాది తగ్గనీ" అంది జగ్గమ్మ. కొంగుతో కోడలి మొహం తుడిచింది. ఆ మొహం తుడవడం అయ్యాక అదే కొంగుతో తన మొహం తుడుచుకుంది. బయట నీళ్ళ బిందెల చప్పుడు వినిపిస్తే మళ్ళీ గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.

పదోనాడు ఒడ్డున పిండం పెట్టారు. కాకులు చుట్టూ వాలాయి గానీ ఒక్కటీ ముట్టలేదు. దాలయ్య మధ్యాహ్నం దాకా చూశాడు. మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు ఎవరో. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి జగ్గమ్మే ఆకు తీసుకుని, మోకాటి లోతు నీళ్ళలోకి నడిచి, అలమీద వదిలేసి వచ్చింది.

వైశాఖంలో సూరయ్య గున్నమ్మకి పుస్తె కట్టాడు. బారువ వెళ్ళే రోజు, "నువ్వూ రా పెద్దమ్మా, ఇల్లు పెద్దదే" అన్నాడు. జగ్గమ్మ రానంది. "నా తట్ట నేనెత్తుకోగలను. నెల్లిమర్లలో నా బేరాలు నాకున్నాయి."

బస్సు దగ్గర గున్నమ్మ అత్త రెండు చేతులూ పట్టుకుంది. "నీకు ఆయన సంగతి ఎలగ తెలుస్తాది? అక్కణ్ణించి వండమంటావా గురువారం? ఈయనకి సెప్తాను, ఏటీ అనుకోడు."

జగ్గమ్మ చేతులు విడిపించుకుని కోడలి కొంగు సర్దింది.

"వద్దే. ఇంక వండకు" అంది. "ఆణ్ణి తలుపులు తెరుసుకోనీ."

గున్నమ్మ ఆ మాట దాటలేదు. బారువలో ఎప్పుడూ ఉల్లిసూపు వండలేదు. ఆ వేసవి నించి కొడుకు ఉన్నాడో లేడో జగ్గమ్మకి తెలిసే దారి లేకుండా పోయింది. గురువారం పదయ్యేసరికి గడపలో కూర్చునేది, ఎందుకు కూర్చుందో గుర్తొచ్చి లేచిపోయేది.

ఒకనాడు మధ్యాహ్నం గంజి తాగుతూంటే ఆమెకి బచ్చలికూర వాసన వచ్చింది. ఇంట్లో పొయ్యి ఆరిపోయి ఉంది. పక్కింట్లోనూ బచ్చలికూర లేదు. జగ్గమ్మ గంజి ముంత పట్టుకుని నవ్వింది. ఆ మర్నాడు చేమదుంపల పులుసు, ఆ తర్వాత ఎండురొయ్యలు. అంత దూరం నించి గున్నమ్మ వంట రోజూ ఆ వేళకి వచ్చేది. ఒట్టి గంజి ఆ వాసనతో రుచిగా దిగేది. దానమ్మ సందులోంచి, "ఏటే ఇయ్యాళ మీ కోడలు కూర?" అని అడిగితే, "ఆవపెట్టిన పనసకాయే, కొంచెం కారం ఎక్కువేసింది" అనేది.

వర్షాకాలం అంతా వచ్చింది. చలికాలంలో రోజు విడిచి రోజు వచ్చింది. తర్వాత వారానికోసారి. మళ్ళీ ఎండలొచ్చేసరికి, ఎండుచేపల బేరానికి బారువ వెళ్ళొచ్చిన మనిషి గున్నమ్మకి ఆడపిల్ల పుట్టిందని చెప్పింది. పిల్ల తల్లిలాగే ఉందిట, సూరయ్య తేలిక చెక్కతో ఉయ్యాల చేశాడట. జగ్గమ్మ ఆ మనిషికి కూర్చోబెట్టి అన్నం పెట్టింది, ఆ కబురు మూడుసార్లు చెప్పించుకుంది.

ఆ తర్వాత వాసన రాలేదు.

వారం చూసి దానమ్మ అడిగింది. "ఇయ్యాళ ఏటి వండింది?"

"ఏటో మరి" అంది జగ్గమ్మ. "పసిగుంట ఉన్నాది గదా, ఇంక అన్నీ దానికే వండుతాది."

"దానికింకా పళ్ళు కూడా రాలేదు గదే."

"అయినా దానికే ఎల్తాది. అలగే ఎల్లాల."

ఆ మాట అనేసి ఆమె గాలొచ్చే వైపు మొహం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. గాలిలో ఉప్పు తప్ప ఏమీ లేదు.